తేటనీరు

మా అమ్మాయి నవ్వునప్పుడు నోటికి చేయి అడ్డము పెట్టుకొనును. చూచినవారు అది ఆడపిల్లకు సహజమైన బిడియమనుకొందురు, మెచ్చుకొన్నవారును గలరు. తల్లిని గనుక నాకు తెలియును, అది బిడియము కాదు. దాని పలువరుసపై సుద్ద రాచినట్లు తెల్లని మచ్చలును, వాని నడుమ గోధుమవన్నె చారలును గలవు. అవి ఎంత తోమినను పోవు. ఏ పండ్లపొడికిని లొంగవు. ఆ మచ్చలు వచ్చినది తిండివలన గాదు, అశుభ్రతవలన గాదు. నేను నా చేతులార కాచి, చల్లార్చి, వడియగట్టి పోసిన నీటివలన.

ఈ మాట వ్రాయుటకు నాకు చాల యేండ్లు పట్టినది. సోదరీమణులారా, ఇంటికి నీరు తెచ్చువారము మనము. కడవ దించువారము మనము. బిడ్డ పెదవికి గిన్నె అందించువారము మనము. కాని ఆ కడవలోని నీటిలో ఏమేమి కలిసియున్నవో తెలిసికొనవలెనని మనలో ఎందరికి తోచినది? నాకు తోచలేదు. అందుచేతనే ఈ నాలుగు మాటలు.

నేను పుట్టినది డిండివాగు దరి పల్లెలో. ఎండకాలమున వాగు ఎండిపోగా మా నాయనమ్మ ఇసుకలో చెలిమె తీసెడిది. మొదట ఊరిన మడ్డినీటిని చిప్పతో తోడి పారబోసి, పిమ్మట వచ్చిన నీటిని గుడ్డతో వడియగట్టి బిందె నింపెడిది. వానకాలమున చెరువునీరు ఎఱ్ఱగా నున్నప్పుడు చిల్లగింజను కడవ లోపలి యంచున అరగదీసి యుంచెడిది. తెల్లవారునప్పటికి మన్ను అడుగంటి, నీరు అద్దమువలె నుండెడిది. నీటిలో కంటికి కనబడుదానిని తీసివేసినచో నీరు మంచిదగునని నేను నేర్చుకొన్న మొదటి పాఠమదియే. ఆ పాఠము సగము నిజము. తక్కిన సగము నేర్చుకొనుటకు అత్తవారింటికి పోవలసివచ్చినది.

అత్తవారిది మర్రిగూడ వైపు ఒక పల్లె. నేను కాపురమునకు వచ్చునాటికే వాడకట్టు నడుమ బోరింగు వెలసియున్నది. ఆ నీటిని మొదట చూచినప్పుడు నాకు కలిగిన సంతోషము ఇప్పటికిని జ్ఞాపకమున్నది. చెలిమె తీయనక్కరలేదు, గింజ అరగదీయనక్కరలేదు. పిడి కొట్టిన చాలు, గాజువంటి నీరు. మన్ను లేదు, నాచు లేదు, వాసన లేదు. రుచికి గూడ బాగుగానే యుండెను. ఇంత నీరు వాకిట నుండగా ఈ యూరివారికి ఏమి కొదువ యనుకొంటిని.

కొదువ యేమిటో మా అత్తమ్మను చూచిన తెలిసెడిది. కాని నేను చూచియు తెలిసికొనలేదు. ఆమెకు అప్పటికి ఏబది యేండ్లయినను నిండలేదు. నడుము వంగి బిగిసిపోయెను. మెడ తిరుగదు, పిలిచినచో దేహమంతయు త్రిప్పి చూడవలెను. చెంబెత్తి నీరు గ్రుక్కుకొనుటకు తల వెనుకకు వంచలేక, గిన్నెలో పోసికొని వంగి త్రాగెడిది. "ఏం లేదు బిడ్డా, ముసల్తనం" అనెడిది. వీథిలో ఆమె యీడువారు పలువురు అట్లే నడుచుచుండిరి. అందఱికిని ఉన్న రోగము ఎవరికిని రోగముగా తోచదు.

1989లో మాకు ఆడపిల్ల పుట్టినది. మూడవయేట దానికి పచ్చకామెర్లు రాగా, వైద్యుడు నీరు కాచి పోయుమని చెప్పెను. మంచి మాటయే. కాని నేను ఆ మంచిని మించిపోయితిని. క్రిములు మిగులునేమో యను భయముచేత, నీరు నాలుగవవంతు ఇగిరిపోవువఱకు కట్టెలపొయ్యిమీద మరగించెడిదానను. నాలుగు చెంబులు మూడు చెంబులగును. గిన్నె గోడలకు తెల్లని పెచ్చు కట్టెడిది. ఆ పెచ్చు చూచి, నీటిలోని చెడుగంతయు బయటికి వచ్చినదని మురిసిపోయితిని. మూడేండ్లు అట్లే చేసితిని.

1996లో దానికి పాలపండ్లూడి ముందరిపండ్లు వచ్చినవి. వచ్చుచునే మచ్చలతో వచ్చినవి.

ఆ వేసవిలో మా జిల్లా పేరు దేశమంతట మ్రోగినది. లోకసభ యెన్నికలలో నల్లగొండ స్థానమునకు 480 మంది పోటీకి నిలిచిరి. వారిలో అనేకులు గెలుచుటకు నిలిచినవారు కారు. విషపు నీటినుండి మాకు విముక్తి కలిగింపుడని, కృష్ణాజలము లిండని, జల సాధన సమితివారి పూనికపై మొఱపెట్టుకొనుటకు నిలిచినవారు. వోటుపత్రము పుస్తకమువలె నుండెనని చెప్పుకొనిరి. మా ఇంట కూడ ఆ మాటలే. అప్పుడు మా ఆడబిడ్డ కూతురు నల్లగొండలో రసాయనశాస్త్రము చదువుచుండెను. సెలవులకు వచ్చుచు చిన్న సీసాలో ఎఱ్ఱని మందునీరు తెచ్చినది.

అరుగుమీద మూడు గాజుగ్లాసులు పెట్టినది. ఒకదానిలో చెరువునీరు, రెండవదానిలో బోరింగునీరు, మూడవదానిలో నేను కాచి యుంచిన నీరు. మా అత్తమ్మ ప్రక్కన కూర్చుండి నవ్వెను. "గింత తేటగున్నయి, గీ నీళ్లల్ల ఏముంటది బిడ్డా?" అని అడిగెను.

ఆ పిల్ల, "అమ్మమ్మా, చక్కెర కలిపిన నీళ్లు గూడ తేటగనే ఉంటయి గద!" అన్నది.

నేను మరువలేని మాట యిది. మన్ను నీటిలో తేలును, చక్కెర కరగును. తేలుదానిని గుడ్డ పట్టును, చిల్లగింజ పట్టును, కన్ను పట్టును. కరగినదానిని ఇవేవియు పట్టలేవు. నీటిని గుఱించిన విద్యకు తొలిమెట్టు ఈ భేదమే.

చుక్కలు వేయగా చెరువునీరు ఇంచుమించు ఎఱ్ఱగానే నిలిచినది. బోరింగునీరు పసుపువన్నెకు తిరిగినది. నేను కాచిన నీరు అంతకన్న పసుపైనది. ఆ పిల్ల రంగుల అట్ట ప్రక్కన పెట్టి చూచి, బోరింగునీటిలో లీటరునకు సుమారు మూడు మిల్లీగ్రాముల ఫ్లోరైడును, కాచినదానిలో సుమారు నాలుగును గలవని చెప్పినది. తరువాత నావైపు చూడలేక, "నువ్వు కావాలని చేసినవా అత్తా?" అన్నది. నేను లోపలికి పోయి పొయ్యి చల్లార్చితిని.

నాటినుండి దొరికినదెల్ల చదివి, తెలిసినవారినెల్ల అడిగి గ్రహించిన సంగతులను ఇచట చెప్పెదను.

నీరెప్పుడును ఒంటరిగా నుండదు. తాను నడచిన దారినంతయు వెంట తెచ్చుకొనును. వానచినుకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత కరగించుకొని దిగును గనుక దానికి రవంత పులుపు, అనగా ఆమ్లగుణము గలదు. పులుపునకును చవుడునకును కొలమానముగా శాస్త్రజ్ఞులు పి.హెచ్. అను లెక్క పెట్టిరి. 7 సమము, అంతకు తక్కువ ఆమ్లము, ఎక్కువ క్షారము. శుభ్రమైన వాననీరు 5.6 ప్రాంతమున నుండును. ఆ కొద్దిపాటి పులుపుతోనే అది రాతిని మెల్లమెల్లగా కరగించును. పొంగి పారి చెరువు చేరిన నీటికి రాతితో పొత్తు స్వల్పము. నేలలోనికి ఇంకి, రాతిపగుళ్లలో ఏండ్లతరబడి నిలిచిన నీటికి ఆ పొత్తు అధికము. కావుననే ఒక్క వానకు పుట్టిన చెరువునీరును బోరునీరును అక్కచెల్లెండ్రయినను ఒక తీరున నుండవు.

కరగినవానిలో మనకు చిరపరిచితమైనది కాఠిన్యము. సున్నపు ధాతువైన కాల్షియమును, మెగ్నీషియమును అధికముగా నున్న నీటిలో సబ్బు నురుగదు, కందిపప్పు మెత్తబడదు. కాచినప్పుడు గిన్నెకు పట్టు తెల్లని పెచ్చు ఈ సున్నమే. నేను చెడుగనుకొన్నది అదియే. నిజమునకు అది ఎముకలకు పుష్టినిచ్చు వస్తువు. హాని చేయునది నీటిలోనే మిగిలి, నీరు ఇగిరినకొలది చిక్కనయ్యెను.

చెరువులకు, వాగులకు ప్రాణము వంటిది మఱియొకటి గలదు: నీటిలో కరగిన ప్రాణవాయువు. చల్లని నీరు దానిని ఎక్కువగా పట్టుకొనును, వెచ్చని నీరు వదలును. ఇరువది డిగ్రీల వేడిమిలో లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాములు పట్టునది, ముప్పది డిగ్రీలలో సుమారు 7.5 మాత్రమే పట్టును. ఎండకాలపు తెల్లవారుజామున చెరువులో చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచుట మీరు చూచియుందురు. పగలు నాచు ఎండను ఆధారము చేసికొని ప్రాణవాయువు నిచ్చును; రాత్రి తానును దానిని పీల్చును. అందుచే వేకువకు నీటిలో ఊపిరి అడుగంటును. మురుగు చేరినచో మఱింత కీడు; ఆ మురుగును తిను సూక్ష్మజీవులే ప్రాణవాయువునంతయు హరించును. అనంతగిరి కొండలలో నిర్మలముగా పుట్టిన మూసీనది, హైదరాబాదు మురుగును మోసికొని మా ప్రాంతపు పొలములమీదుగా సాగి, వాడపల్లి వద్ద కృష్ణలో కలియుచున్నది. ఆ నల్లదనమును, నురుగును, వాసనను చూచి పసిబిడ్డయైనను దూరము తొలగును. మూసీ తన దోషమును దాచుకొనదు. మా బోరింగు దాచుకొన్నది.

ఇక ఫ్లోరైడు. దక్షిణ తెలంగాణపు నేల యడుగున నున్నది గ్రానైటు రాయి. ఆ రాతిలోని ఫ్లోరైటు, అపటైటు, అభ్రకపు జాతి ఖనిజములలో ఫ్లోరిను గలదు. నీరు వానిని తాకుచు ఆ యంశమును కరగించుకొనును. అన్ని గ్రానైటు సీమలలో ఇంత కీడు లేదు గదా, ఇచటనే యేలయని మీరు అడుగవచ్చును. కాల్షియమును ఫ్లోరైడును ఒక కొంపలో ఇమడని సవతులు. రెండును మెండుగా నున్నచో కలిసి రాయియై అడుగున పడును. నీటిలో మిగులునది కొంచెమే. కాని మావంటి ఎండలు మెండైన మెట్టసీమలలో నేలనీరు క్షారమై, అందలి కాల్షియము తెల్లని సున్నపురాళ్లుగా మట్టిలోనే గడ్డకట్టిపోవును. పట్టి ఉంచు సవతి పోయినపిమ్మట ఫ్లోరైడునకు అడ్డులేదు. అందుచే సబ్బు చక్కగా నురిగినంతమాత్రమున ఆ నీరు మంచిదని నమ్మరాదు.

పరిమాణము ఎంతటిదో చెప్పిన మీరు నమ్మజాలరు. త్రాగునీటిలో లీటరునకు ఒక మిల్లీగ్రాము దాటకుండుట మేలని, మఱియొక నీరు దొరకనిచోట 1.5 వఱకు సహింపవచ్చునని మనదేశపు ప్రమాణము. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి హద్దును 1.5 యే. వేయి లీటర్ల తొట్టిలో ఒకటిన్నర గ్రాము, అనగా కంసాలి త్రాసులో పండ్రెండు గురిగింజల యెత్తు. హద్దునకును విషమునకును నడుమ నున్నది ఇంకొక పిడికెడు గురిగింజలే. దానిని నాలుక ఎట్లు కనిపెట్టగలదు?

పంటిపై పింగాణివంటి పూత చిగురులోపలనే, పుట్టుకనుండి ఎనిమిదేండ్ల లోపల తయారగును. ఆ కాలమున ఫ్లోరైడు మితిమీరినచో పూత చెడును. పన్ను బయటపడి మనము మచ్చ చూచునప్పటికి జరుగవలసినది జరిగిపోయియుండును. ఏండ్లతరబడి త్రాగినచో ఎముకలలో నిండి, కీళ్లను, వెన్నును కొయ్యబార్చును. మా అత్తమ్మది ముసలితనము కాదు. అది నీటి వ్రాత.

ఇది క్రొత్తగా తెలిసిన సంగతియు గాదు. 1937లోనే షార్టు మొదలగువారు నాటి మద్రాసు రాజధానిలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములలో ఈ వ్యాధిని గుర్తించి ప్రకటించిరి. 1955లో సిద్దికీ అను వైద్యుడు నల్లగొండ జిల్లా రోగులను పరీక్షించి, బ్రిటిషు వైద్యపత్రికలో వ్యాసము వ్రాసెను. నేను పుట్టకమునుపే విలాయతి పత్రికలో అచ్చయిన మాట, మా వాడకట్టు బోరింగుదాక రాలేదు. జ్ఞానము గ్రంథములలో నున్న చాలదు; కడవ పట్టుకొన్న చేతికి అందవలెను.

1970 తరువాతి యేండ్లలో నాగపురపు జాతీయ పర్యావరణ పరిశోధనాలయమువారు నీటినుండి ఫ్లోరైడును తీయు సులభోపాయము నొకదానిని కనిపెట్టి, దానికి మా జిల్లా పేరే పెట్టిరి. నీటికి సున్నమును, పటికను, బ్లీచింగు పొడిని లెక్కప్రకారము కలిపి, మొదట వడిగా, పిమ్మట మెల్లగా త్రిప్పి, గంటసేపు కదలకుండ నుంచవలెను. పటిక ముద్దముద్దగా విరిగి, ఫ్లోరైడును చాలవఱకు తనలో చేర్చుకొని అడుగంటును. పై నీరు మాత్రము వంచుకొని, అడుగుమడ్డిని బావులకు దూరముగా పూడ్చవలెను. మా నాయనమ్మ చిల్లగింజకును దీనికిని పోలిక గలదు. కాని ఇచట పటిక యెంతయనునది నీటిలోని ఫ్లోరైడును, క్షారమును బట్టి యుండును గనుక కొలువక వేయరాదు. "నల్లగొండ పద్ధతి" యను పేర ఇది ఆఫ్రికాలోని టాంజానియాదాక పోయినది. మా దుఃఖము పేర ఒక విద్య దేశములు తిరిగినది.

అసలైన ఉపాయము రాతినీటిని మాని వాననీటిని, నదినీటిని చేరుటయే. కృష్ణనీటిలో ఫ్లోరైడు స్వల్పము. 2016 ఆగస్టులో గజ్వేలు సమీపమున ప్రారంభమైన మిషన్ భగీరథ పథకముచే, శుద్ధిచేసిన నదీజలము గొట్టములద్వారా పల్లెలకు చేరినది. మా వాకిటను కుళాయి వెలసినది. మా అత్తమ్మ ఆ నీటిని చూడకయే పోయెను.

కుళాయి వచ్చినది గదా, ఇక భయమేమని కొందఱు సోదరీమణులు అందురు. నేను చూచుచుండగానే, త్రాగుటకు కుళాయినీరును, వంటకు బోరునీరును వాడు ఇండ్లు గలవు. అన్నము, పప్పు పీల్చుకొన్న నీరును కడుపులోనికే పోవును గదా! కుళాయి రానినాడు మఱల బోరే దిక్కగుచున్నది. కనుక మీ యింటి బోరును, బావిని ఒక్కసారి పరీక్షింపించుడు. గ్రామీణ నీటి సరఫరా శాఖవారి పరీక్షాలయములు గలవు. క్రిముల భయమున్న నీటిని కాచుడు. కాని తెర్లి ఒక్క నిమిషము మరగిన చాలును, ఇగిర్చనక్కరలేదు. కాచుట క్రిములకు మందు, ఫ్లోరైడునకు గాదు. సాధారణపు కొవ్వొత్తి ఫిల్టరు మన్నును పట్టును, దీనిని పట్టదు. పిల్లలకు తేనీరు అలవాటు చేయకుడు. అందును ఫ్లోరైడు గలదు. పాలు, రాగులు, ఆకుకూరలు, ఉసిరిక పెట్టుడు. చింతపండు తిన్న పిల్లలకు మూత్రముద్వారా ఫ్లోరైడు ఎక్కువగా వెడలుచున్నదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2002లో ప్రకటించిరి. మన పచ్చిపులుసు కూడ కొంత మేలు చేయుచున్నదన్నమాట. అయినను తిండి తోడు మాత్రమే. మంచినీటికి అది బదులు గాదు.

నా కూతురు నల్లగొండలో కాపురమున్నది. దానికొక పాప, ఈ యేడు ఏడవయేడు. మొన్న పండుగకు వచ్చినప్పుడు పాలపండ్లూడిన సందున రెండు క్రొత్తపండ్లు మొలిచియుండెను. నేను దానిని వెలుతురున నిలువబెట్టి, కన్నులజోడు పెట్టుకొని, పెదవి పైకెత్తి చూచితిని. "ఏం జూస్తున్నవ్ అమ్మమ్మా?" అని అది పకపక నవ్వెను. మల్లెమొగ్గల వంటి పండ్లు. ఒక్క మచ్చ లేదు.

ప్రక్కన నిలిచి మా అమ్మాయియు నవ్వినది. చేయి మాత్రము అలవాటుచొప్పున నోటికి అడ్డముగానే పోయినది.